సూది భయం ఉన్నవారు ఐవీఎఫ్ చికిత్సకు సిద్ధం కావడం ఎలా

ఐవీఎఫ్ (స్త్రీ గుడ్లను బయటికి తీసి, ల్యాబులో పిండంగా చేసి గర్భాశయంలో పెట్టే సంతాన చికిత్స) చేయించుకోవాలని నిర్ణయించుకున్న దంపతులు ఖర్చు గురించి, పట్టే రోజుల గురించి, ఫలితం గురించి డాక్టరును వివరంగా అడుగుతారు గాని, సూదుల గురించి అడగడానికి సంకోచిస్తారు. పిల్లలు కావాలని వచ్చి సూదికి భయమని చెబితే చులకన అవుతామేమోనన్న బిడియం ఇందుకు కారణం. వరంగల్, హనుమకొండ ప్రాంతాల్లో ఈ బిడియానికి ఇంటి మాటలు కూడా తోడవుతాయి. "గింత సూదికే గట్ల జేస్తవేంది బిడ్డా, పిల్లలు గావాల్నంటే ఓర్సుకోవాలె" అని అత్తగారు ప్రేమతోనే అన్నా, ఆ మాట విన్న కోడలు ఇక తన భయాన్ని దాచుకోవడం మొదలుపెడుతుంది. అలా దాచుకున్న భయం చికిత్స సగంలో ఉండగా, ఒక రోజు మందు తప్పిపోయిన తరువాతనో, ల్యాబులో కళ్లు తిరిగి పడిపోయిన తరువాతనో బయటపడుతుంది. అప్పటికి చేయగలిగింది తక్కువ. చికిత్స మొదలుకాకముందు మూడు నాలుగు వారాల వ్యవధి ఉంటే మాత్రం చాలా చేయవచ్చు.

ఈ భయం పిరికితనం వల్ల వచ్చేది కాదు. మన ఊళ్లలో జ్వరం వచ్చినా, ఒళ్లునొప్పులైనా ఆర్ఎంపీ దగ్గరికి తీసుకుపోయి సూది వేయించడం, అన్నం తినని పిల్లవాడిని "డాక్టర్ సూదేస్తడు" అని బెదిరించడం తరాలుగా సాగుతున్నాయి. పదేళ్లలోపు పాతుకుపోయిన భయం పెళ్లయి, ఉద్యోగం చేస్తూ, ఇల్లు నడుపుతున్న మనిషిలోనూ అలాగే ఉండడంలో వింత లేదు. కొన్ని కుటుంబాల్లో ఇది తల్లికి, బిడ్డకు, మేనమామకు కూడా ఉంటుంది. రక్తం చూస్తే సొమ్మసిల్లే స్వభావం వంశంలో రావడం వైద్యులకు తెలిసిన విషయమే.

మీది ఏ రకం భయం?

సూది భయం పైకి ఒకటిగానే కనిపించినా లోపల రెండు రకాలు ఉన్నాయి. ఒకదానికి పనికివచ్చే ఉపాయం రెండోదానికి హాని చేస్తుంది కాబట్టి, ముందుగా తేల్చుకోవలసింది ఇదే.

మొదటి రకంలో సూది పేరు వినగానే గుండె దడ పెరుగుతుంది, చేతులు వణుకుతాయి, చెమట పడుతుంది, అక్కడినుంచి లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. అయితే ఈ మనిషి పడిపోదు. రెండో రకంలో గుండె వేగం మొదట పెరిగి, ఆ వెంటనే తగ్గుతుంది, రక్తపోటు పడిపోతుంది, వికారం, చెవుల్లో హోరు, చూపు మసకబారడం, చివరికి సొమ్మసిల్లడం వరుసగా వస్తాయి. సాధారణంగా ఏ భయంలోనైనా రక్తపోటు పెరుగుతుంది గనుక మనిషి సొమ్మసిల్లడు. రక్తానికి, సూదికి, గాయానికి సంబంధించిన భయం మాత్రమే ఇలా తిరగబడుతుంది. గతంలో రక్తం ఇచ్చినప్పుడో, టీకా వేయించుకున్నప్పుడో, చెవులు కుట్టించుకున్నప్పుడో మీకు కళ్లు తిరిగాయా అన్నది గుర్తు చేసుకుంటే మీది ఏ రకమో తెలుస్తుంది. గుర్తు లేకపోతే అమ్మను అడగవచ్చు.

మొదటి రకం వారికి నెమ్మదిగా ఊపిరి తీసుకుని, అంతకంటే నెమ్మదిగా వదులుతూ ఒళ్లు వదులు చేసుకోవడం మేలు చేస్తుంది. సూది గుచ్చే క్షణంలో ఊపిరి వదులుతూ ఉండాలి. రెండో రకం వారికి ఒళ్లు వదులు చేసుకోవడమే ప్రమాదం, ఎందుకంటే అప్పటికే పడిపోతున్న రక్తపోటు ఇంకా పడుతుంది. "ఏం గాదు, రిలాక్స్ అవ్వమ్మా" అని పక్కనున్నవారు చెప్పే మాట ఈ రకం వారికి పనికిరాదని నిస్సంకోచంగా చెప్పవచ్చు. వీరి కోసం స్వీడన్ మనస్తత్వవేత్త లార్స్ గోరాన్ ఓస్ట్, ఆయన సహచరులు 1980లలో ఒక పద్ధతిని రూపొందించారు. కుర్చీలో కూర్చుని కాళ్లు, చేతులు, నడుము కండరాలను గట్టిగా బిగించి, ముఖం వెచ్చబడేవరకు, అంటే సుమారు 10 నుంచి 15 సెకన్లు అలాగే ఉంచాలి. తరువాత పూర్తిగా సడలించకుండా మామూలు స్థితికి వచ్చి 20, 30 సెకన్లు ఆగాలి. ఇలా ఐదుసార్లు చేయాలి. రోజూ కొన్నిసార్లు చొప్పున ఒకటి రెండు వారాలు ఇంట్లోనే సాధన చేస్తే, కళ్లు తిరగబోతున్న తొలి సూచన కనబడగానే శరీరం దానంతటది బిగించుకోవడం నేర్చుకుంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. సూది గుచ్చే చోటు మాత్రం బిగించకూడదు. చేతినుంచి రక్తం తీస్తున్నప్పుడు ఆ చేతిని వదులుగా ఉంచి కాళ్లను, రెండో చేతిని బిగించాలి, పొట్టకు సూది వేసుకుంటున్నప్పుడు కాళ్లు, చేతులు మాత్రమే బిగించాలి. మందుల వల్ల అండాశయాలు పెరిగి పొట్ట బరువుగా అనిపించే చివరి రోజుల్లోనైతే సాధన చేసేటప్పుడు కూడా పొట్టను బిగించవద్దు. బీపీ ఎక్కువగా ఉన్నవారు ఈ పద్ధతి మొదలుపెట్టేముందు డాక్టరును అడగాలి.

సూదుల లెక్క ముందే అడగండి

తెలియని సంఖ్య తెలిసిన సంఖ్యకంటే ఎప్పుడూ పెద్దగానే అనిపిస్తుంది. అందువల్ల నక్కలగుట్టలోనో, బాలసముద్రంలోనో, హైదరాబాదులోనో మీరు వెళ్లే ఆసుపత్రిలో మొత్తం చికిత్సలో ఏ సూది, ఎక్కడ, ఎన్ని రోజులు, ఎవరు వేస్తారు అన్నది కాగితం మీద రాయించుకోవాలి. సాధారణంగా జరిగేది ఇది. నెలసరి రెండో రోజో మూడో రోజో స్కానింగు, రక్తపరీక్ష చేస్తారు. ఆ తరువాత గుడ్లు పెరగడానికి పొట్ట చర్మం కింద రోజూ ఒక సూది, సుమారు 8 నుంచి 12 రోజులు, దాదాపు ఒకే సమయానికి పడుతుంది. ఐదారు రోజులయ్యాక గుడ్లు ముందుగానే విడుదల కాకుండా ఆపే రెండో సూది దానికి తోడవుతుంది. రెండు మూడు రోజులకొకసారి స్కానింగు, అవసరమైతే రక్తపరీక్ష ఉంటాయి. గుడ్లు తీయడానికి 34 నుంచి 36 గంటల ముందు, గుడ్లు పూర్తిగా పక్వానికి రావడానికి ట్రిగ్గర్ సూది వేస్తారు. గుడ్లు తీసే రోజు చేతి రక్తనాళానికి కాన్యులా (సన్నని గొట్టం) పెట్టి, దాని ద్వారా మత్తు ఇస్తారు కాబట్టి ఆ తరువాత జరిగేది మీకు తెలియదు. పిండాన్ని గర్భాశయంలో పెట్టడానికి సూది అవసరం లేదు. దానికి తోడ్పాటుగా ఇచ్చే ప్రొజెస్టెరాన్ అనే హార్మోనుది వేరే కథ, దాని సంగతి కింద చెబుతాను.

లెక్క చేతికి వచ్చిన తరువాత అడగవలసిన అసలు ప్రశ్న: వీటిలో ఏవి తగ్గించవచ్చు? చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, కొన్ని సూదులకు నిజంగానే ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. ప్రొజెస్టెరాన్‌ను తుంటికి వేసే నూనె సూదిగా కాకుండా యోనిలో పెట్టుకునే మాత్రలుగా, జెల్‌గా తీసుకోవచ్చు. ఏది తగినదో మీ గర్భాశయ పరిస్థితిని, తాజా పిండమా, ఫ్రీజ్ చేసిన పిండమా అన్నదాన్ని బట్టి డాక్టరు నిర్ణయిస్తారు. పిండాలన్నింటినీ ఫ్రీజ్ చేసి తరువాత పెట్టాలని ముందే అనుకున్నప్పుడు, గుడ్లు ముందుగా విడుదల కాకుండా ఆపే సూదికి బదులు మాత్రలు వాడే విధానం కూడా ఉంది. గుడ్లు పెంచే మందు పొడి సీసాల్లోనే కాక, ఇన్సులిన్ పెన్ను వంటి పెన్నుల్లోనూ దొరుకుతుంది. పెన్ను ధర ఎక్కువ, కాని కలిపే పని తక్కువ, సూది పొట్టి. కొందరికి ఐవీఎఫ్ కంటే ముందు గుడ్లు పెరగడానికి ఇచ్చే లెట్రోజోల్ మాత్రలతో ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి పంపే పద్ధతి) ప్రయత్నించే అవకాశం ఉంటుంది. ఇవేవీ మీ అంతట మీరు మార్చుకోవలసినవి కావు, కాని అడగడం మీ హక్కు. నాకు సూది భయం ఉందని, అవసరం లేని సూది ఏదైనా తగ్గించగలరా అని అడిగినందుకు మంచి డాక్టరు ఎవరూ విసుక్కోరు.

రక్తపరీక్షల విషయంలో ఒక చిన్న మాట. ములుగు, నర్సంపేట, పరకాల, మహబూబాబాద్ నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవారు రక్తపరీక్ష అనగానే పరగడుపున ఉండాలనుకుని చాయ్ కూడా తాగకుండా బయలుదేరుతారు. ఏఎంహెచ్, ఎస్ట్రాడయోల్ వంటి హార్మోను పరీక్షలకు పరగడుపు అవసరం లేదు. షుగరు వంటి పరీక్ష కూడా ఉంటేనే అది కావాలి. ఖాళీ కడుపుతో, ఎండలో, నిలబడి వచ్చిన మనిషి సూదికి సొమ్మసిల్లడం సులువు. పరగడుపు అక్కరలేదని ముందురోజే ఫోనులో అడిగి తెలుసుకుని, నాలుగు ఇడ్లీలు తిని, ల్యాబులోకి వెళ్లే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగితే సగం ఇబ్బంది తీరుతుంది. గుడ్లు తీసే రోజు మాత్రం మత్తు ఇస్తారు కాబట్టి ఆసుపత్రి చెప్పిన ప్రకారం ఖాళీ కడుపుతోనే ఉండాలి.

మెట్టు మెట్టుగా అలవాటు

భయపడిన వస్తువునుంచి తప్పించుకున్న ప్రతిసారీ భయం బలపడుతుంది. దాని ఎదుట కొంతసేపు నిలిచిన ప్రతిసారీ సన్నగిల్లుతుంది. మానసిక వైద్యులు చేయించే చికిత్సకు మూలసూత్రం ఇదే, దీనిలో కొంత భాగం ఇంట్లోనే చేసుకోవచ్చు. మీ భయాన్ని 0 నుంచి 10 వరకు కొలుచుకుంటూ, తక్కువ భయం కలిగించే పనితో మొదలుపెట్టండి. సిరంజి బొమ్మ చూడడం, సీలు తీయని సిరంజిని చేతిలో పట్టుకోవడం, సీలు తీసి మూత ఉన్న సూదిని బల్ల మీద పెట్టుకుని చూడడం, సూది లేని సిరంజిని పొట్టకు ఆనించి నొక్కడం, సూదితో బత్తాయి పండులోకి నీళ్లు ఎక్కించడం, చివరగా ఆసుపత్రిలో నర్సు మరొకరికి చూపించే డెమోను దగ్గరగా చూడడం వంటివి ఒక క్రమంలో పెట్టుకోవచ్చు. సిరంజిలు మెడికల్ షాపులో కొద్ది రూపాయలకే దొరుకుతాయి. ఒక మెట్టు దగ్గర భయం సగానికి తగ్గేవరకు అక్కడే ఉండాలి, తగ్గకముందే వదిలి వెళ్లకూడదు, తగ్గిన తరువాతే పై మెట్టు ఎక్కాలి. కళ్లు తిరిగే రకం వారు ఈ మెట్లన్నీ కండరాలు బిగించే సాధనతో కలిపి చేయాలి, మొదట్లో కూర్చునో పడుకునో చేయాలి.

రెండు మూడు వారాలు ప్రయత్నించినా బొమ్మ చూసే మెట్టు కూడా దాటలేకపోతే, అది ఒంటరిగా చేయవలసిన పని కాదని గ్రహించాలి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ భయానికి చికిత్స సంవత్సరాల తరబడి సాగేది కాదు, కొద్ది సిట్టింగులతోనే చాలామందిలో గణనీయమైన మార్పు కనిపిస్తుంది. అందుకోసం ఐవీఎఫ్‌ను ఒక నెల వాయిదా వేయవలసి వస్తే, వయసు, గుడ్ల నిల్వ అనుమతిస్తాయా అని డాక్టరును అడిగి వాయిదా వేయడమే మంచిదని నా అభిప్రాయం. మధ్యలో ఆగిపోయిన చికిత్స వల్ల డబ్బు, ధైర్యం రెండూ పోతాయి.

ఇంట్లో సూది వేసుకునే వేళ

పొట్టకు వేసే సూది, భయపడేవారి ఊహలో ఉన్న సూది ఒకటి కాదు. పెన్ను సూది పొడవు సాధారణంగా 4 నుంచి 8 మిల్లీమీటర్లు, మందం పావు మిల్లీమీటరు దరిదాపు. గేజ్ సంఖ్య పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 31 గేజ్ అంటే చాలా సన్నది, రక్తం తీయడానికి వాడే 21 గేజ్ దానికి మూడింతల మందం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, పొడి మందును నీటితో కలిపి సిరంజిలోకి లాగడానికి లావు సూది ఇస్తారు, దాన్ని చూసి అదే పొట్టలో గుచ్చుతారనుకుని చాలామంది బెంబేలెత్తుతారు. కలిపే పనిని భర్తకో, ఆడపడుచుకో అప్పగించి, పక్క గదిలో పూర్తిచేసి, సన్న సూది బిగించిన తరువాతే తెమ్మనడం మంచి పద్ధతి. ఒక సిరంజిలో రెండు రకాల మందులు కలిపి సూదుల సంఖ్య తగ్గించుకోవాలన్న ఆలోచన మాత్రం డాక్టరు చెప్పకుండా చేయకూడదు.

ఫ్రిజ్‌లోనుంచి తీసిన మందును వెంటనే ఎక్కిస్తే మంట పుడుతుంది, కాబట్టి 15, 20 నిమిషాలు బయట ఉంచాలి. అలాగని మన వరంగల్ మే నెల ఎండల్లో, కరెంటు పోయిన మధ్యాహ్నం పూట మందును గంటలకొద్దీ బల్ల మీద వదిలేయరాదు. ప్రతి మందు పెట్టె మీద ఎన్ని డిగ్రీల్లో ఉంచాలో రాసి ఉంటుంది, అన్ని మందులకూ ఒకే లెక్క వర్తించదు. బస్సులో తీసుకువెళ్లవలసి వస్తే ఐస్ ప్యాక్ ఉన్న చిన్న డబ్బాలో, మందు మంచుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టి పెట్టాలి. మేడారం జాతర సమయంలో మొక్కు చెల్లించడానికి వెళ్లేవారు ట్రాఫిక్‌లో చిక్కుకునే గంటలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. సూదులు నడుస్తున్న రోజుల్లో ఆ ప్రయాణం పెట్టుకోకపోవడమే ఉత్తమం, తల్లులు మొక్కును తరువాతైనా స్వీకరిస్తారు.

సూది వేసే చోటు బొడ్డుకు కనీసం రెండు అంగుళాల దూరంలో ఉండాలి, ఒకరోజు కుడివైపు, మరుసటి రోజు ఎడమవైపు మార్చుతూ ఉండాలి. గుడ్డలో చుట్టిన మంచుముక్కను ఒకటి రెండు నిమిషాలు ఆనిస్తే ఆ చోటు మొద్దుబారుతుంది. స్పిరిట్ దూదితో తుడిచిన తరువాత చర్మం పూర్తిగా ఆరేవరకు ఆగాలి. చాలామంది సూది నొప్పి అనుకునేది నిజానికి తడి స్పిరిట్ మంట. చర్మాన్ని రెండు వేళ్లతో మడతగా పట్టుకుని, తటపటాయించకుండా ఒక్కసారిగా గుచ్చి, మందును మాత్రం నెమ్మదిగా ఎక్కించాలి. నెమ్మదిగా గుచ్చితే నొప్పి తక్కువ అన్నది పొరపాటు. తీసిన తరువాత ఆ చోటును రుద్దకూడదు, దూదితో మెల్లగా అదిమితే చాలు. కొందరికి చూడకపోవడం మేలు చేస్తుంది, మరికొందరికి చూడకపోతే ఎప్పుడు గుచ్చుతారో తెలియక భయం ఇంకా పెరుగుతుంది. ఏది మీకు సరిపోతుందో మీరే తేల్చుకోవాలి.

మీరే వేసుకోవాలా, మరొకరు వేయాలా అన్నదానికి ఒకే జవాబు లేదు. తన చేతిలో ఉంటేనే ధైర్యంగా ఉండేవారు ఉన్నారు, ముఖ్యంగా చిన్నప్పుడు బలవంతంగా పట్టుకుని సూది వేయించిన జ్ఞాపకం ఉన్నవారు. భర్త వేస్తానని ముందుకు వచ్చినా, ఆయనకూ సూది భయం ఉందేమో ముందే అడిగి తెలుసుకోండి. మగవారు ఈ భయాన్ని ఒప్పుకోవడం మరీ అరుదు, ఎనిమిదో రోజు రాత్రి ఆయన చెయ్యి వణికితే ఇద్దరికీ కష్టం. ఊళ్లో ఆర్ఎంపీతో వేయిద్దామనుకునేవారు ఒకసారి ఆలోచించాలి: ఇవి మోతాదు, సమయం, కలిపే పద్ధతి తేడా రాకూడని హార్మోను మందులు. శిక్షణ పొందిన నర్సు గాని, ఆసుపత్రిలో నేర్చుకున్న ఇంటి మనిషి గాని వేయడమే సురక్షితం. ట్రిగ్గర్ సూది సమయం నిమిషాలతో సహా ముఖ్యం కాబట్టి, ఆ రాత్రికి రెండో మనిషిని సిద్ధంగా ఉంచుకోవాలి.

ప్రొజెస్టెరాన్ నూనె సూది తప్పనిసరి అయితే, అది కండరంలోకి వేసే పొడవాటి సూది గనుక నర్సుతోనే వేయించుకోండి. తుంటి పైభాగంలో బయటివైపునే వేయాలి, లోపలి భాగంలో పెద్ద నరం ఉంటుంది. మందు సీసాను కాసేపు అరచేతుల మధ్య వెచ్చబరిస్తే నూనె పల్చబడుతుంది. బోర్లా పడుకుని కాలి బొటనవేళ్లను లోపలికి తిప్పితే తుంటి కండరం వదులవుతుంది.

ల్యాబులో, ఆసుపత్రిలో చెప్పవలసిన మాటలు

రక్తం తీసే మనిషికి మీ భయం గురించి కుర్చీలో కూర్చోకముందే చెప్పాలి. "సిస్టర్, నాకు సూది జూస్తే కండ్లు తిరుగుతయి, పండవెట్టి రక్తం తీయుండ్రి" అన్న ఒక్క మాట చాలు. పడుకున్న మనిషి సొమ్మసిల్లడం అరుదు, సొమ్మసిల్లినా దెబ్బ తగలదు. రెండు ప్రయత్నాల్లో నరం దొరకకపోతే అనుభవం ఉన్న మరొకరిని పిలవమని అడగడం తప్పు కాదు. లిడోకైన్, ప్రిలోకైన్ కలిసిన మొద్దుబార్చే క్రీము మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. డాక్టరును అడిగి, రక్తం తీయడానికి గంట ముందు మందంగా రాసి పైన ప్లాస్టిక్ కవరు అంటించాలి. పది నిమిషాల ముందు రాసి పనిచేయలేదని వదిలేసేవారే ఎక్కువ. సూది గుచ్చే క్షణంలో ఒకసారి దగ్గడం వల్ల కూడా కొందరికి నొప్పి తక్కువగా తెలుస్తుంది.

కళ్లు తిరిగినట్లయితే పది నిమిషాలు పడుకుని, కాళ్లు ఎత్తులో పెట్టుకుని, తరువాత కాసేపు కూర్చుని మాత్రమే లేవాలి. ఆ వెంటనే బండి వెనుక కూర్చుని ప్రయాణం చేయకూడదు.

భయం వల్ల ఒక రోజు సూది తప్పినా, ఆలస్యమైనా దాచకుండా వెంటనే ఆసుపత్రికి ఫోను చేయాలి. నిజం తెలిస్తే డాక్టరు మోతాదును సర్దగలరు, తెలియకపోతే స్కానింగులో గుడ్లు ఎందుకు పెరగలేదో అర్థం కాక తప్పుడు నిర్ణయం తీసుకునే అవకాశం ఉంది. అలాగే ప్రతి ఇబ్బందినీ భయం ఖాతాలో వేయకూడదు. పొట్ట బాగా ఉబ్బడం, మూత్రం తగ్గడం, ఒకటి రెండు రోజుల్లోనే బరువు పెరగడం, ఆయాసం రావడం, సూది వేసిన చోట ఎర్రబడి జ్వరం రావడం వంటివి భయం లక్షణాలు కావు, అదే రోజు డాక్టరుకు చూపించవలసినవి.

వాడిన సూదులను చెత్తబుట్టలో వేయకుండా మూత ఉన్న మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండిన తరువాత ఆసుపత్రిలో అప్పగించాలి. పిండం పెట్టిన సుమారు రెండు వారాలకు, గర్భం నిలిచిందో లేదో చెప్పే బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష ఉంటుంది. గర్భం నిలిస్తే టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా) టీకాలు, హిమోగ్లోబిన్, షుగరు పరీక్షలు ప్రసవం దాకా వస్తూనే ఉంటాయి. అందువల్ల కండరాలు బిగించే సాధనను ఐవీఎఫ్‌తో ఆపకుండా, డాక్టరు ఒప్పుకుంటే కాళ్లు, చేతుల వరకే పరిమితం చేసి కొనసాగించవచ్చు. నెలలు నిండేకొద్దీ మాత్రం రక్తం తీసేటప్పుడు వెల్లకిలా కాక ఎడమవైపు తిరిగి పడుకోవాలి.